గేర్ రాడ్‌కు షార్ట్ షిఫ్టర్: దీర్ఘకాలం వాడాక నా అభిప్రాయం

ఐదు గేర్ల ఫోక్స్‌వ్యాగన్ పోలో పెట్రోలు కారుకు ఇంటి దగ్గరే బిగించుకున్న షార్ట్ షిఫ్టర్‌ను (గేరు మార్చేటప్పుడు రాడ్ జరగవలసిన దూరాన్ని తగ్గించే పరికరాన్ని) విజయనగరం వీధుల్లోనూ, అనంతగిరి, సాలూరు ఘాట్ రోడ్ల మీదా ఎండలూ వానలూ చూసేంత కాలం వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. దీనివల్ల కారు వేగం పెరగదు. గేరు ఎంత త్వరగా పడుతుందన్నది ప్రధానంగా గేర్‌బాక్సు లోపల గేర్ల వేగాలను సమం చేసే సింక్రోనైజరు రింగుల చేతిలో ఉంటుంది గాని, రాడ్ ఎంత దూరం జరిగిందన్న దానిలో ఉండదు. ఈ పరికరం ఇచ్చేది గేరు పడిందన్న స్పష్టత; అందుకు బదులుగా తీసుకునేది చేతి బలం.

ఆ బదులు ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే కొనాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. ఈ తరహా కార్లలో గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్సుకు రెండు కేబుళ్లు వెళతాయి. ఒకటి ముందు వెనుకల కదలికను, రెండోది ఎడమ కుడి కదలికను చేరవేస్తుంది. మొదటి కేబుల్ చివర గేర్‌బాక్సు పైనున్న, లివరు లాంటి ఒక చేయికి తగిలించి ఉంటుంది. ఆ చేయి సెలెక్టర్ షాఫ్టును, అంటే లోపల గేర్లను వేసే కడ్డీని, తిప్పుతుంది. కేబుల్ తగిలే చోటును షాఫ్టుకు దగ్గరగా జరిపితే, షాఫ్టు మునుపటి కోణమే తిరిగినా కేబుల్, దానితో పాటు రాడ్ తక్కువ దూరం జరుగుతాయి. 60 మిల్లీమీటర్ల చేయిని 45 మిల్లీమీటర్లకు తగ్గిస్తే రాడ్ ప్రయాణం నాలుగో వంతు తగ్గుతుంది, కాని వేయవలసిన బలం మూడో వంతు పెరుగుతుంది. ప్రయాణమూ తగ్గుతుంది, వేయవలసిన బలమూ తగ్గుతుందని రాసిన ప్రకటనను చదవడం అక్కడితో ఆపేయవచ్చు. రాడ్ కీలును పైకి జరిపే రకాలు కూడా దొరుకుతాయి. లెక్క మాత్రం వాటికీ ఇదే.

నేను తెప్పించుకున్నది గేర్‌బాక్సు వైపు బిగించే అల్యూమినియం చేయి. దానికి మూడు రంధ్రాలుంటాయి. షాఫ్టుకు దూరంగా ఉన్నది దాదాపు కంపెనీ కొలత, దగ్గరగా ఉన్నది అతి పొట్టి ప్రయాణం. వారంటీ గడువు ముగిసిన కారు కనుకనే ఈ పనికి పూనుకున్నాను. గడువు మిగిలినవారు ఆ సంగతి ముందు ఆలోచించుకోవాలి.

బిగింపు ఒక మధ్యాహ్నం పని. ఇంజను బాగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగను ముందుగా విప్పి, బ్యాటరీని, దాని కింది ట్రేను తీసేస్తే గేర్‌బాక్సు పైభాగం చేతికి అందుతుంది. పాత చేయిని విప్పే ముందు అది షాఫ్టు పళ్ల మీద ఏ కోణంలో కూర్చుందో పెయింటుతో గీత పెట్టుకోవడం తప్పనిసరి. కేబుల్ చివరి ప్లాస్టిక్ భాగాలు ఇంజను వేడికి పెళుసుబారి ఉంటాయి కనుక, స్క్రూడ్రైవరుతో ఒక్కసారిగా ఎగదన్నకుండా రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా లేపాలి. పానాలు తిప్పడం వచ్చినవారికి ఇంతవరకు కష్టమేమీ లేదు.

అసలు నైపుణ్యం తరువాతి సెట్టింగులో ఉంది. గేర్లను న్యూట్రల్‌లో ఉంచి, రెండు కేబుళ్ల మీది స్ప్రింగు కాలర్లను (కేబుల్‌ను పట్టి ఉంచే కంకణాలను) ముందుకు లాగి తిప్పితే అవి వదులుగా నిలుస్తాయి. సెలెక్టర్ షాఫ్టును కిందికి నొక్కి, పక్కనున్న చిన్న వంపు లివరును తిప్పితే షాఫ్టు కదలకుండా ఆగుతుంది. అప్పుడు కారు లోపల గేర్ రాడ్ చుట్టూ ఉన్న తోలు తొడుగును పైకి లేపి, రాడ్‌ను ఒకటి, రెండు గేర్ల వరుసలోకి జరిపి, ఎదురెదురు రంధ్రాల్లో పిన్ను దూర్చాలి. సరిపోయే డ్రిల్ బిట్టు ఉన్నా చాలు. రెండు కొసలూ ఇలా బంధించిన తరువాతే కాలర్లను వదలాలి. ఈ పనిని కంటి అంచనాతో ముగించేవారు తరువాత ఐదో గేరు సరిగ్గా పడటం లేదని కిట్‌ను తిడుతుంటారు. బ్యాటరీ తిరిగి కలిపాక గడియారాన్ని, కిటికీ అద్దాల ఆటోమేటిక్ కదలికను మళ్లీ సరిచేసుకోవాలి. రోడ్డెక్కే ముందు ఇంజను ఆపి ఒకసారి, స్టార్టు చేసి మరొకసారి అన్ని గేర్లూ, రివర్సూ పడుతున్నాయో లేదో చూడాలి.

పట్టణంలో దీని అనుభవం మిశ్రమంగా ఉంది. గంటస్తంభం, మూడు లాంతర్ల ప్రాంతంలో సాయంత్రం వేళ ఒకటో గేరు, రెండో గేరు, మళ్లీ ఒకటో గేరు తప్ప వేరే పని ఉండదు. అక్కడ పెరిగిన బలం ఎడమ చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అతి పొట్టి రంధ్రంలో ఉంచినప్పుడు మా నాన్నగారు నడిపి చూసి, తాళం పగలగొట్టినట్టుందని రెండో మాట లేకుండా తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ అమరికను చూసిన దాసన్నపేట మెకానిక్ కూడా "గేరు పడతాది గానీ సెయ్యి నొప్పెడతాది బాబూ" అన్నాడు. మధ్య రంధ్రానికి మార్చాక ఇంట్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఉదయం మొదటిసారి బండి తీసినప్పుడు, గేరాయిల్ ఇంకా వేడెక్కక ముందు, రెండో గేరు కాస్త మొరాయిస్తుంది. ఆ సమయంలో తొందరపెట్టి లాగితే నలిగేది సింక్రో రింగులే.

ఘాట్ రోడ్డు మీద కథ మారుతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కుతున్నప్పుడు మలుపు మలుపుకీ రెండు, మూడు గేర్ల మధ్య తిరుగుతూ ఉంటాం. చేయి స్టీరింగును విడిచి ఉండే సమయం తగ్గడం, గేరు పడిన క్షణం వేళ్లకు గట్టిగా తెలియడం అక్కడ నిజమైన సుఖం. లారీల ఊరైన సాలూరు నుంచి సుంకి వైపు ఎక్కేటప్పుడు, ముందున్న లారీ హఠాత్తుగా వేగం తగ్గించినా, కింది గేరుకు తడబాటు లేకుండా రాగలుగుతున్నాను.

అయితే ఈ కిట్ ముందు వెనుకల దూరాన్ని మాత్రమే తగ్గిస్తుందనీ, ఎడమ కుడి దూరం మునుపటిలాగే ఉంటుందనీ అమ్మేవారు చెప్పరు. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు రాడ్ కొద్దిగా ముందుకు జరిగి, అంతకంటే ఎక్కువగా పక్కకు జరుగుతున్నట్టు అనిపిస్తుంది. మామూలు రాడ్‌తో న్యూట్రల్‌లోకి వచ్చాక స్ప్రింగు దాన్ని మధ్యకు తెచ్చే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ ఆ వ్యవధి తక్కువ. ఐదు నుంచి నాలుగుకు దిగేటప్పుడు చేతిని ఎడమవైపు గట్టిగా తోస్తే రాడ్ రెండో గేరు వరుసకు చేరవచ్చు. హైవే వేగంలో రెండో గేరు పడితే ఇంజను పరిమితికి మించి తిరిగిపోతుంది. అందువల్ల ఐదో గేరు నుంచి దిగేటప్పుడు అరచేతిని తెరిచి వెనక్కి లాగి, మధ్యకు తేవడాన్ని స్ప్రింగుకే వదిలేయడం మంచిది. నా దృష్టిలో ఈ పరికరం గురించి తెలుసుకోవలసిన అతి ముఖ్యమైన సంగతి ఇదే.

మన్నిక విషయానికి వస్తే, అల్యూమినియం చేయికి ఏమీ కాలేదు. దానితో వచ్చిన బోల్టులు మాత్రం మా వైపు ఉప్పుగాలికి, వానకు తుప్పు పట్టడంతో స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించాను. కేబుల్ కొసలోని బుష్‌కు (కీలులోని తొడుగుకు) కాలక్రమేణా ప్లే, అంటే వదులు, వచ్చి, గతుకుల రోడ్డు మీద సన్నని చప్పుడు మొదలైంది. కొత్త బుష్, ప్లాస్టిక్‌ను తినని గ్రీజు వేశాక ఆగింది. కంపెనీ చేయి మీద ఉండే బరువు దిమ్మ ఈ కిట్‌లో లేదు. ఆ దిమ్మ గేరు పడేటప్పటి కుదుపును మింగేస్తుంది. అది లేకపోవడంతో ఇంజను వణుకు రాడ్ మీదికి కొంత ఎక్కువగా వస్తోంది.

కొనాలనుకునేవారు ముందుగా పాత బుష్‌లు మార్పించి, కేబుళ్లను పైన చెప్పిన పద్ధతిలో సెట్ చేయించి కొన్నాళ్లు నడపాలి. వదులుగా, గంజిలో గరిటె తిప్పినట్టుగా ఉన్న గేర్ రాడ్ చాలా సందర్భాల్లో అంతటితోనే బిగుసుకుంటుంది, ఖర్చు కూడా కొద్దిపాటిదే. రివర్స్ వేసేటప్పుడు కరకరమంటుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమోనని చూపించుకోవాలి. ఆ లోపాన్ని ఏ షార్ట్ షిఫ్టరూ తీర్చదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, తరచూ ఘాట్ ఎక్కేవారికి మధ్య రంధ్రం అమరికతో దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. బజారుకూ బడికీ మాత్రమే కారు తీసేవారికి, ఇంట్లో పెద్దలు కూడా నడిపే కారుకు సూచించను. విప్పిన పాత చేయిని, దాని నట్టుతో సహా, నూనె పూసి డిక్కీలో ఉంచాను. కారు అమ్మే రోజు వస్తే దాన్నే తిరిగి బిగించి ఇస్తాను.