ఆరేళ్లు వాడిన మదర్‌బోర్డు, దాని వెనుక ఉన్న ఒక చిన్న బటన్

ఈ బోర్డును 2019 జనవరిలో కొన్నాను. కొన్న రెండు నెలలకే తెలిసినవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. అప్పుడు చెప్పినవాటిలో కొన్నింటిని ఇప్పుడు సవరించుకోవాలి. అప్పుడు అసలు చెప్పని ఒక్క విషయం గురించే ఇప్పుడు ఎక్కువగా చెప్పాలి.

నేను ఖమ్మంలో ఇంటి దగ్గరే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు పంపిన వేల ఫొటోల నుంచి ఏరి, 12×36 అంగుళాల షీట్లుగా కూర్చడం నా పని. ముహూర్తాల రోజుల్లో కంప్యూటర్ ఒక్క రోజు ఆగినా ఆ నెల సంపాదనలో తేడా తెలిసిపోతుంది. అందుకే సొంతంగా కూర్చుకోవాలని నిర్ణయించుకుని, హైదరాబాద్‌లో ఉండే తమ్ముడిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలు ఉండే సీటీసీకి వెళ్లాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్) ఉన్న బోర్డు అనుకుని వెళ్లాం. దుకాణంలో అదే చిప్‌సెట్‌తో ఒకే కంపెనీవి రెండు బోర్డులు చూపించారు. ధరలో దాదాపు నాలుగు వేల తేడా. "అమ్మా, ఆల్బమ్ పనికి ఈ చిన్నది చాలు. మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచుకోండి" అన్నారు దుకాణదారు. నిజాయితీ గల సలహాయే. ఒకే చిప్‌సెట్ ఉన్న రెండు బోర్డుల మధ్య వేగంలో కంటికి కనిపించే తేడా ఉండదు. అయినా నేను పెద్దదే తీసుకున్నాను. నాలుగు ర్యామ్ స్లాట్లు, విద్యుత్తును అందించే భాగం మీద బరువైన హీట్‌సింకులు, ఈ రెండూ చూసి తీసుకున్నాను. మా ఊరి ఎండలకు అవి కావాలి అనిపించింది. బోర్డు వెనుక పోర్టుల పక్కన ఒక చిన్న బటన్ ఉన్న సంగతి ఇంటికి వచ్చాక పుస్తకం తిరగేస్తుంటే కనిపించింది. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా బయోస్‌ను, అంటే కంప్యూటర్‌ను మేల్కొలిపే మొదటి ప్రోగ్రామును, మార్చవచ్చు అని రాసి ఉంది. నాకు అక్కర్లేని విషయం అనుకుని పేజీ తిప్పేశాను.

కంపెనీ పేరు రాయడం లేదు. పేరు చూసి కొంటే నా అనుభవం మీకు ఉపయోగపడదు, ఎందుకంటే అదే కంపెనీ చిన్న బోర్డులో ఆ బటన్ లేదు.

మూడేళ్లపాటు బోర్డు ఉన్న సంగతే మరిచిపోయాను. మదర్‌బోర్డు నుంచి నేను కోరుకునేది అదే. 2022 మొదట్లో విండోస్ 11కు మారాను. దానికి టీపీఎం అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు కనుక, ప్రాసెసర్‌లోనే ఉండే ఎఫ్‌టీపీఎంను బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేశాను. అక్కడి నుంచి ఇబ్బంది మొదలైంది. పని మధ్యలో ఉన్నట్టుండి మౌస్ ఆగిపోయేది, పాట గరగరమనేది, ఒకటి రెండు సెకన్లకు మళ్లీ మామూలయ్యేది. పెళ్లికూతురి జడ చుట్టూ, పూలజడలో ఒక్కొక్క పువ్వు అంచు వెంట కత్తిరిస్తున్నప్పుడు చెయ్యి ముందుకు వెళ్లి గీత వెనుకబడితే ఎలా ఉంటుందో ఆ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ర్యామ్ మార్చాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. ఏమీ మారలేదు. ఆ మార్చిలో రైజెన్ ప్రాసెసర్లు తయారుచేసే ఏఎండీ సంస్థే కారణం ఒప్పుకుంది. ఎఫ్‌టీపీఎం అప్పుడప్పుడు బోర్డు మీద బయోస్ ఉండే ఫ్లాష్ చిప్‌తో మాట్లాడవలసి వస్తోందని, అప్పుడే ఈ తాత్కాలిక స్తంభన వస్తోందని, కొత్త బయోస్‌తో సరిచేస్తామని చెప్పింది. నా బోర్డుకు ఆ బయోస్ రాగానే దించుకున్నాను.

జూన్ నెల, సాయంత్రం. మబ్బు పట్టి ఉంది. ఆగవలసింది. కానీ మర్నాడు రెండు ఆల్బమ్‌లు ప్రింటుకు వెళ్లాలి, యూపీఎస్ ఉంది కదా అని ధీమా. బయోస్ లోపలి నుంచే అప్‌డేట్ మొదలుపెట్టాను. అరవై శాతం దాటిందో లేదో ఈదురుగాలి వచ్చి కరెంటు పోయింది. యూపీఎస్ ఒకసారి కూత పెట్టి ఆగిపోయింది. దాని బ్యాటరీ ఎప్పుడు బలహీనపడిందో నేను పరీక్షించలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద మాత్రం ఏమీ లేదు. బోర్డు మీద ప్రాసెసర్ గుర్తు పక్కన ఎర్ర లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టాను. రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలిపి సీమాస్ క్లియర్ చేశాను, అంటే బయోస్ సెట్టింగులు చెరిపేశాను. ర్యామ్ ఒకటే ఉంచి చూశాను. ఎర్ర లైటు అలాగే ఉంది.

అలా ఎందుకు అవుతుందో తరువాత అర్థం చేసుకున్నాను. ప్రాసెసర్ మేల్కొనగానే మొట్టమొదట చదివేది బయోస్ ఉండే ఆ ఫ్లాష్ చిప్‌లోని రాతనే. ర్యామ్ ఎక్కడుంది, తెర ఎక్కడుంది అన్నది దానికి చెప్పేది ఆ రాతే. అది సగంలో ఆగిపోతే ప్రాసెసర్‌కు మరో దారి లేదు. సరైన బయోస్ పక్కన పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, దాన్ని చదవమని చెప్పేవాళ్లు లేరు.

మర్నాడు ఉదయం ఊళ్లో రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. చూసి, "డిస్‌ప్లే రాదమ్మా. చిప్ ఊడదీసి ప్రోగ్రామర్ మీద పెట్టి రాయాలి. ఆ యంత్రం మా దగ్గర లేదు, హైదరాబాద్ పంపాలి, వారం పడుతుంది. కొత్త బోర్డు వేసుకోవడం మేలు" అన్నారు. మూడేళ్ల వారంటీ ఆ జనవరితోనే అయిపోయింది. ఆ రోజు దుకాణం మెట్లు దిగుతూ ఏడ్చినంత పని అయింది. బోర్డు పోయిందన్న దుఃఖం కన్నా, ఆడపిల్ల పెళ్లి చేసిన ఆ రెండు కుటుంబాలకు ఏమి చెప్పాలి అన్నదే ఎక్కువ బాధించింది.

తమ్ముడికి ఫోన్ చేశాను. అంతా విని, "అక్కా, వెనుక యూఎస్‌బీ పోర్టుల దగ్గర చిన్న బటన్ ఏమైనా ఉందా?" అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది నేను తిప్పేసిన పేజీ.

పక్కింటివాళ్ల ల్యాప్‌టాప్‌లో బయోస్ ఫైలును మళ్లీ దించాను. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, పుస్తకంలో చెప్పిన పేరు పెట్టి, వెనుక ఆ పని కోసమే గుర్తు వేసిన పోర్టులో పెట్టి బటన్ నొక్కాను. లైటు మూడు నాలుగు సార్లు మిణుకుమని ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. బటన్ కూడా పనిచేయడం లేదనుకున్నాను. చివరికి తెలిసింది రెండు తప్పులు జరిగాయని. మొదటిది, ఆ పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది. బోర్డుకు ఫ్యాట్32 మాత్రమే అర్థమవుతుంది. ఒక ఫొటోగ్రాఫర్ ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన 8 జీబీ పెన్‌డ్రైవ్ వెతికి, ఫార్మాట్ చేశాను. అప్పుడూ లైటు ఆరిపోయింది. రెండో తప్పు ఫైలు పేరులో ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి అక్షరాలను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను, దాచి ఉంచుతుంది. నేను అది కూడా టైపు చేయడంతో పేరు చివర అది రెండుసార్లు పడింది. కంటికి సరిగ్గానే కనిపిస్తోంది, లోపల మాత్రం వేరే పేరు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని సరిచేశాను. ఈ ఒక్క సంగతి తెలియక బటన్ పనిచేయదని వదిలేసేవాళ్లు ఎందరు ఉంటారో అనిపిస్తుంది.

ఈసారి గోడకు పెట్టలేదు. పక్కింటివాళ్ల ఇన్వర్టర్ లైను నుంచి వైరు లాగి ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లైకి, ఇచ్చి బటన్ నొక్కాను. లైటు మిణుకుమంటూనే ఉంది. ఆగలేదు. అయిదారు నిమిషాలు ఆ ఎర్రటి చుక్క మీద నుంచి చూపు తిప్పలేదు. లైటు ఆరాక ఊపిరి పీల్చి పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, ఆగాయి, మళ్లీ తిరిగాయి. తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది.

ఆ సమయంలో ప్రాసెసర్ నిద్రలోనే ఉంది. ఆ బటన్ వెనుక విడిగా ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే స్టాండ్‌బై విద్యుత్తుతోనే అది మేల్కొని, పెన్‌డ్రైవ్‌ను చదివి చిప్‌లో రాసేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. కరెంటు మీద భరోసా లేని ఊళ్లో ఉండేవాళ్లకు ఇంతకన్నా ధైర్యం ఇచ్చే సౌకర్యం మరొకటి నేను చూడలేదు. ఆ మౌస్ ఆగిపోవడం కూడా ఆ రోజుతో పోయింది. సెట్టింగులన్నీ చెరిగిపోయాయి కనుక ర్యామ్ వేగం 2133కు పడిపోయింది, దాన్ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు మళ్లీ ఆన్ చేసుకున్నాను. విండోస్ పిన్ మళ్లీ పెట్టమంది. అంతే. ఆల్బమ్‌లు ఒక రోజు ఆలస్యంగా వెళ్లాయి.

రెండోసారి ఆ బటన్ ఉపయోగపడింది 2023లో. దానికి ముందు ఒక మాట. 2020 మేలో ఏఎండీ, రాబోయే రైజెన్ 5000 ప్రాసెసర్లకు నా బీ450 లాంటి 400 శ్రేణి బోర్డులు పనికిరావని ప్రకటించింది. ఏడాదిన్నర కూడా కాలేదు బోర్డు కొని, అప్పుడే పాతబడిందా అని చాలా కోపం వచ్చింది. వాడేవాళ్ల నుంచి నిరసన గట్టిగా రావడంతో అదే నెలలో ఆ నిర్ణయం మార్చుకున్నారు. ఆ మార్పు వల్లనే 2023 నవంబరులో 2600 తీసి, అదే బోర్డులో రైజెన్ 7 5700ఎక్స్ పెట్టుకోగలిగాను. ఎనిమిది కోర్లు వచ్చాయి, పెద్ద షీట్లు ఎగుమతి చేసే సమయం బాగా తగ్గింది. బయోస్‌ను ముందుగానే బటన్‌తో మార్చుకున్నాను, ఈసారి భయపడలేదు.

ఇక సవరణలు. నా బోర్డులో బయోస్ చిప్ 16 ఎంబీదే. ఇన్ని తరాల ప్రాసెసర్లకు అందులో చోటు చాలక, కొత్త బయోస్‌లో అందమైన తెరలు తీసేసి సాదా తెరలు పెట్టారు, పాత 'ఏ-సిరీస్' (A-series) ప్రాసెసర్లకు మద్దతు తీసేశారు. నాకు వాటితో పని లేదు కనుక నష్టం తెలియలేదు. 32 ఎంబీ చిప్ ఉన్న బోర్డు తీసుకున్నవాళ్లు ఇలా సర్దుకోవలసిన అవసరం రాలేదు.

ఎస్‌ఎస్‌డీలు నేరుగా బోర్డులో పెట్టుకునే ఎం.2 స్లాట్లు రెండు ఉన్నాయని మొదట్లో సంబరపడ్డాను. రెండో దానిలో ఎస్‌ఎస్‌డీ పెట్టాకే తెలిసింది అది చిప్‌సెట్ నుంచి వచ్చే పీసీఐఈ 2.0 అనే పాత తరం లింకు మీద నడుస్తుందని. పై స్లాటులో వచ్చే వేగంలో సగమే వస్తోంది. ఫొటోలు దాచుకోవడానికి చాలు, పని చేయడానికి మాత్రం పై స్లాటే. ఆ హీట్‌సింకుల గురించి నేను చేసిన పొగడ్త కూడా కాస్త ఎక్కువే. నేను వాడిన రెండు ప్రాసెసర్లూ 65 వాట్ల రకానివే, వాటికి చిన్న బోర్డూ సరిపోయేది. నాలుగు ర్యామ్ స్లాట్లలో రెండు ఈనాటికీ ఖాళీగానే ఉన్నాయి. అంటే నేను ఏ రెండు కారణాలు చెప్పి నాలుగు వేలు ఎక్కువ పెట్టానో ఆ రెండూ నాకు పెద్దగా ఉపయోగపడలేదు.

నమ్మకం విషయంలోనూ ఒక మరక ఉంది. పోయిన ఏడాది పిడుగుపాటుకు లాన్ పోర్టు పోయింది. వీధి స్తంభం నుంచి వచ్చే ఇంటర్నెట్ వైరు గుండా వచ్చి దాన్ని కాల్చింది. మిగతా బోర్డంతా బాగానే ఉంది. చవకైన లాన్ కార్డు ఒకటి కొని వేసుకున్నాను. ఇది బోర్డు లోపమని అనలేను. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఇంట్లో, ఫైబర్ మోడెమ్ ఇంటి లోపలే ఉన్నవాళ్లకు ఇలా జరిగే అవకాశం తక్కువ. మా ఇంట్లో ఎర్తింగ్ ఆ తరువాతే వేయించాం.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు ఎలాగూ ఏఎండీ కొత్త ప్రాసెసర్లు పట్టే ఏఎం5 బోర్డుల వైపు చూస్తారు. వాటిలో చాలా బోర్డులకు ఈ బటన్ వస్తోంది కానీ అన్నింటికీ కాదు. అందుకే డబ్బా మీది బొమ్మలో కాకుండా బోర్డు వెనుక పోర్టుల ఫొటోలో చూసుకోండి. కొన్ని బోర్డుల్లో బటన్ బదులు రెండు బయోస్ చిప్‌లు ఉంటాయి, అదీ మంచిదే. ఇంట్లో మంచి ఇన్వర్టర్ ఉండి, కొన్నాక బయోస్ జోలికి పోని మనిషైతే ఆ నాలుగు వేలు మిగుల్చుకుని, ఆ దుకాణదారు చెప్పినట్టు ర్యామ్‌లో పెట్టడమే నయం కావచ్చు. నేను మాత్రం కరెంటు పోయే ఊళ్లో, ఒక్క కంప్యూటర్ మీద బతికే మనిషిని. ఆ 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో తాజా బయోస్‌ను సరైన పేరుతో ఉంచి, క్యాబినెట్ లోపల టేపుతో అంటించి పెట్టుకున్నాను. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చాను.