కత్తెర పనికి ధర, చేతికి ఇచ్చే టిప్పు

జుట్టు కత్తిరింపు అనే సేవ ఎలా ఉందో చెప్పడానికి కుర్చీలోంచి లేచిన క్షణంలో వేసుకునే అంచనా చాలదు. నీళ్లు చల్లి, డ్రయ్యర్‌తో ఆరబెట్టి, కాస్త జెల్ రాసి సర్దిన జుట్టు ఆ పూటకు ఎవరి తల మీదనైనా బాగానే కనిపిస్తుంది. మనిషి జుట్టు నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి అసలు పరీక్ష మూడో వారంలో మొదలవుతుంది. ఇంట్లో తలస్నానం చేసి, చేతికందిన దువ్వెనతో మనమే దువ్వుకున్నప్పుడు ఆకారం నిలుస్తోందా, చెవుల పైన గుబురుగా లేస్తోందా, సుడి దగ్గర వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయా అన్నది అప్పుడే తేలుతుంది. ఇచ్చిన ధర ఎక్కువా తక్కువా అన్నది నేను ఆ మూడో వారంలోనే తేల్చుకుంటాను.

ప్రస్తుతం నాకు జుట్టు కత్తిరించే ఆయన, నేను కూర్చోగానే కత్తెర తీయరు. గుడ్డ కప్పకముందే, ఇంకా తడపని జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, నడినెత్తిన సుడి ఎటు తిరుగుతోందో చూస్తారు. ‘‘క్రితంసారి కటింగ్ ఎన్నాళ్లు నిలిచిందండీ? ముందుగా ఎక్కడ చెడింది?’’ అని అడుగుతారు. కుడిచెవి పైన త్వరగా గుబురుగా అయిపోయిందని చెబితే, ఆ చోట క్లిప్పర్ పక్కన పెట్టి, దువ్వెనతో జుట్టు పైకెత్తి పట్టుకుని కత్తెరతో కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వెళతారు. సుడి దగ్గర మాత్రం పొట్టిగా కత్తిరించరు. అక్కడ పొట్టి చేసినకొద్దీ జుట్టు నిలువుగా లేస్తుంది, కాస్త పొడుగు వదిలితే తన బరువుకే అణిగి ఉంటుంది. అందుకని కత్తెర మొనను నిలువుగా పెట్టి, కొసలను మాత్రం పలచన చేసి వదిలేస్తారు. మెడ వెనుక కూడా ట్రిమ్మర్‌తో గట్టి గీత గీయకుండా, జుట్టు సహజంగా ముగిసే అంచుకు కలిపేస్తారు. గీసిన గీత మొదటి రోజు శుభ్రంగా కనిపిస్తుంది గానీ, వారం తిరిగేసరికి దాని కింద మొలిచిన వెంట్రుకలతో మెడ మాసినట్టు ఉంటుంది. ఆయన తీసుకునే ధర తక్కువేమీ కాదు. అయినా అందులో పెద్ద భాగం కత్తెర ఆడిన నిమిషాలకు కాక, కత్తెర తీయకముందు చూసిన ఆ చూపుకూ, అడిగిన ఆ ప్రశ్నకూ చెందుతుందని నేను నమ్ముతున్నాను.

కటింగ్ ధర ఏటికేడు పెరుగుతోందని అందరం అంటాం. దీనికి యజమానుల దురాశే కారణమనుకోవడం న్యాయం కాదు. విలియం బామోల్, విలియం బోవెన్ అనే అర్థశాస్త్రవేత్తలు 1966లో నాటక, సంగీత ప్రదర్శనల ఖర్చుల గురించి చేసిన విశ్లేషణ ఈ వృత్తికి అక్షరాలా వర్తిస్తుంది. కర్మాగారంలో యంత్రాలు మెరుగుపడినకొద్దీ ఒక కార్మికుడు గంటలో చేసే వస్తువుల సంఖ్య పెరుగుతుంది, దానితోపాటు అతని వేతనమూ పెరుగుతుంది. తల మాత్రం ఒక్కటే, చేతులు రెండే. క్లిప్పర్ వచ్చి కొంత వేగం పెంచినా, శ్రద్ధగా కత్తిరించడానికి ఒక తలకు పట్టే సమయం తరాలు మారినా పెద్దగా తగ్గలేదు. మిగిలిన వృత్తుల్లో వేతనాలు పెరుగుతుంటే ఇక్కడ పెరగకపోతే ఈ పని నేర్చుకునేవాళ్లే ఉండరు. కాబట్టి ధర పెంచడం తప్ప దారి లేదు. ఒకే రకమైన కటింగ్‌కు ఒక దేశంలో ఉన్న ధరకు మరో దేశంలో ఎన్నో రెట్లు ఉండటానికి కారణం కూడా దీనికి దగ్గరిదే. దుస్తులను చౌకగా కుట్టే చోటి నుంచి తెప్పించుకోవచ్చు గానీ కటింగ్‌ను ఓడలో తెప్పించుకోలేం, కనుక దాని ధర అక్కడి సగటు సంపాదనను బట్టే నడుస్తుంది. బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ అనే అర్థశాస్త్రవేత్తలు 1964లో వేర్వేరుగా ఈ సంగతిని వివరించారు.

ఇక ఆ ధరలోంచి పోయేవి చాలా ఉన్నాయి. అద్దె, కరెంటు, వేడినీళ్లు, ప్రతి మనిషికీ మార్చాల్సిన తువ్వాళ్ల ఉతుకు, పనిముట్లను క్రిమిరహితం చేసే ద్రావణం, ఎప్పటికప్పుడు సాన పట్టించాల్సిన కత్తెరలు అన్నీ అందులోంచే రావాలి. ఎవరూ రాని గంటల్లో ఖాళీగా ఉన్న కుర్చీ ఖర్చు కూడా వచ్చినవాళ్లే భరించాలి. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది శరీరం పడే శ్రమ. రోజంతా నిలబడి, చేతులు భుజాల ఎత్తున ఉంచి పనిచేయడం వల్ల ఈ వృత్తిలో భుజాలు, నడుము, మణికట్టు నొప్పులు సర్వసాధారణం. ఎడతెగని తడి, షాంపూలు, జుట్టు రంగుల్లో ఉండే పారాఫినైలిన్‌డయమిన్ వంటి రసాయనాల వల్ల చేతులకు చర్మవ్యాధి వచ్చి, పని మానుకోవాల్సి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నాకు కత్తిరించే ఆయన వేళ్ల సందుల్లో చర్మం పొలుసులు లేచి ఉండటం, ఒక్కో తల అయ్యాక ఆయన బొటనవేలి మొదట్లో నొక్కుకోవడం అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది. అది చూశాక ధర గురించి బేరమాడాలని నాకు ఎన్నడూ అనిపించలేదు.

బేరం కాదు గానీ ఒక అభ్యంతరం మాత్రం ఉంది. ధరల పట్టికలో పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి అని రెండు వరసలు రాయడం నాకు సమ్మతం కాదు. పొట్టిజుట్టు ఉన్న స్త్రీ నుంచి ఎక్కువ, భుజాల దాకా జుట్టు పెంచిన పురుషుడి నుంచి తక్కువ తీసుకోవడానికి కత్తెర వైపు నుంచి ఏ కారణమూ లేదు. కాలిఫోర్నియా 1995లోనూ, న్యూయార్క్ నగరం 1998లోనూ సేవల ధరలు కేవలం స్త్రీపురుష భేదాన్ని బట్టి ఉండకూడదని చట్టాలు చేశాయి. పట్టే సమయాన్ని బట్టి, పని కష్టాన్ని బట్టి ధర మారవచ్చు. ఆ మాత్రం పట్టికలో రాయడం ఏ సెలూన్‌కూ భారం కాదు.

టిప్పు సంగతి ఇంత సూటిగా తేలదు. అది తప్పనిసరి అనుకునే దేశాలు ఉన్నాయి, ఇవ్వబోతే ఇబ్బంది పడే దేశాలూ ఉన్నాయి. ఎక్కడైనా సరే, కటింగ్ చేసిన మనిషికి ఆదాయం ఏ రూపంలో వస్తుందో తెలిస్తేనే టిప్పు గురించి నిర్ణయించుకోగలమని నా అభిప్రాయం. సెలూన్ తనదే అయినవారికి ధర తమ చేతిలోనే ఉంటుంది. తమ శ్రమకు ఎంత కావాలో అంత వారే పెట్టుకున్నారు కాబట్టి అక్కడ టిప్పు ఇవ్వకపోవడం లోటు కాదు, ఇస్తే అది సంతోషం కొద్దీ ఇచ్చినదే. ఒకరి సెలూన్‌లో కుర్చీ అద్దెకు తీసుకున్నవారు పని ఉన్నా లేకపోయినా అద్దె కట్టాలి. కమిషన్ మీద చేసేవారికి మనం కట్టిన ధరలో సగం అటూఇటూగా మాత్రమే దక్కవచ్చు. జీతానికి చేసేవారికి, ముఖ్యంగా తల కడిగి, వెంట్రుకలు ఊడ్చి, తువ్వాళ్లు మడుస్తూ పని నేర్చుకునే పిల్లలకు, ధర పెరిగినా తగ్గినా చేరేది దాదాపు అంతే. టిప్పు ఇచ్చేవాళ్లు కత్తెర పట్టిన మనిషిని గుర్తుంచుకుని, మెడ కింద చేయి పెట్టి, నీళ్ల వేడి సరిపోయిందా అని అడిగి తల కడిగిన పిల్లను మరిచిపోవడం నేను తరచుగా చూస్తాను. నా చేతిలో కొద్ది మొత్తమే ఉంటే నేను ముందు ఆ అమ్మాయికే ఇస్తాను.

ఇంతకుముందు వెళ్లిన ఒక పెద్ద సెలూన్‌ను నేను మానేయడానికి కారణం ధర కాదు. డబ్బు కట్టే యంత్రం తెర మీద టిప్పు శాతాలు ముందే వేసి ఉంచేవారు. ఆ శాతాలను కటింగ్ మీద మాత్రమే కాక, అక్కడే అమ్మిన షాంపూ సీసా మీద, పన్ను మీద కూడా కలిపి లెక్కగట్టేవారు. కటింగ్ చేసినావిడ పక్కనే నిలబడి ఉండగా ఆ తెరను మన వైపు తిప్పేవారు. ఒకసారి ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు, ‘‘ఇది మీకే చేరుతుందా అండీ?’’ అని అడిగితే, ‘‘నెలాఖరున ఎంతో కొంత కలుపుతారండీ’’ అన్నారు. అంటే నేను కృతజ్ఞతగా ఇచ్చినది ఎవరి జేబులోకి వెళుతోందో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. బ్రిటన్‌లో 2023లో చేసి 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం, వినియోగదారులు ఇచ్చిన టిప్పును యజమానులు ఏమీ మినహాయించకుండా పనివాళ్లకే పంచాలని చెబుతోంది. ఇది ఎక్కడైనా ఉండవలసిన నియమం. అది లేని చోట నగదుగా, ఆ మనిషి చేతికే ఇవ్వడం ఒక్కటే నాకు నమ్మకమైన పద్ధతి.

జీతం సరిగ్గా ఇవ్వని యజమాని లోటును మనం టిప్పుతో ఎందుకు పూడ్చాలని కొందరు వాదిస్తారు. వాదన సరైనదే, నేనూ దానితో ఏకీభవిస్తాను. అయితే ఆ వాదనను యజమానికి వినిపించాలి గానీ, టిప్పు ఎగ్గొట్టి ఆ అమ్మాయికి వినిపించకూడదు. కటింగ్ ధరను నేరుగా పెంచి, ‘‘ఇక్కడ టిప్పు అవసరం లేదు, మా వాళ్లకు పూర్తి వేతనం ఇస్తున్నాం’’ అని బోర్డు పెట్టే సెలూన్ ఉంటే, ధర ఎక్కువైనా నేను సంతోషంగా అక్కడికే వెళతాను.

కటింగ్ బాగా రాకపోతే టిప్పు మానేసి మౌనంగా వెళ్లిపోవడం వల్ల ఇద్దరికీ ఉపయోగం లేదు. నాలుగైదు రోజుల్లోపు తిరిగి వెళ్లి, ఫలానా చోట ఎగుడుదిగుడుగా ఉందని మర్యాదగా చెబితే, పని మీద గౌరవం ఉన్నవారు డబ్బు అడగకుండా సరిచేస్తారు. నా అనుభవంలో సెలూన్ నాణ్యతను తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. అలాగే, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని రాకపోవడం టిప్పు ఇవ్వకపోవడం కంటే పెద్ద నష్టం. ఆ అరగంట కుర్చీ ఖాళీగా ఉంటుంది, కమిషన్ మీద చేసేవారికి ఆ అరగంట సంపాదన పూర్తిగా పోతుంది. రాలేకపోతే ముందురోజే కబురు చేయడం మన బాధ్యత.

ఇప్పుడు నేను వెళ్లే చోట పనితనానికి, శుభ్రతకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ధర న్యాయమైనదే. సెలూన్ ఆయన సొంతం కాబట్టి ప్రతిసారీ టిప్పు ఇవ్వను. పండుగ ముందు రద్దీలోనూ తొందరపడకుండా చేసినప్పుడు, చంటిపిల్లవాడు ఏడుస్తుంటే ఓపిగ్గా ఆగి ఆగి కత్తిరించినప్పుడు ఇస్తాను. తల కడిగే కుర్రవాడికి మాత్రం ప్రతిసారీ విడిగా, అతని చేతికే ఇస్తాను. లోపాలు రెండే: ముందే అపాయింట్‌మెంట్ తీసుకున్నా ఎదురుచూస్తూ కూర్చోబెట్టడం, గోడ మీది పట్టికలో ఇప్పటికీ స్త్రీలకు, పురుషులకు వేర్వేరు వరసలు ఉండటం. రెండో సంగతి ఆయనతో అన్నాను. జుట్టు పొడవును బట్టి, పట్టే సమయాన్ని బట్టి కొత్త పట్టిక రాయిస్తానన్నారు. రాయించాక ఈ సమీక్షలో ఆ మాట మారుస్తాను.