పెళ్లి వీడియోలకు డావిన్చీ రిజాల్వ్ ఫ్రీ వర్షన్: గోదావరి జిల్లాల ఎడిటర్లకు ఎక్కడిదాకా సరిపోతుంది

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు స్టూడియోల్లో ఎడిటింగ్ అంటే ఇప్పటికీ చాలామందికి ఎడియస్ సాఫ్ట్‌వేర్, దాంతోపాటు కొనుక్కునే సాంగ్ ప్రాజెక్టులు (రెడీమేడ్ పాటల టెంప్లేట్లు). బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ ఉచితంగా ఇస్తున్న డావిన్చీ రిజాల్వ్ ఆ పని చేయగలదా అంటే, చేస్తుంది. కటింగ్, మల్టీక్యామ్ (పలు కెమెరాల ఫుటేజ్ కలిపి కోయడం), కలర్, ఆడియో అన్నీ ఒకేచోట ఉంటాయి. 3840×2160 సైజు వరకు, సెకనుకు 60 ఫ్రేముల వరకు అవుట్‌పుట్ వస్తుంది. టైం లిమిట్ లేదు. డబ్బు కట్టి కొనే స్టూడియో వర్షన్‌కి మాత్రమే ఉన్న ఎఫెక్టు వాడితే తప్ప వాటర్‌మార్క్ పడదు. ఇబ్బందులన్నీ మన పెళ్లి ఫుటేజ్ వచ్చే తీరులో ఉన్నాయి. అవి ముందే తెలిస్తే ఫ్రీ వర్షన్ మీద ఏళ్ల తరబడి నిక్షేపంగా పని చేసుకోవచ్చు.

మొదటి ఇబ్బంది కెమెరా ఫైళ్లతోనే. సోనీ ఎ7 ఫోర్ లాంటి కెమెరాల్లో 10 బిట్, 4:2:2 (రంగు సమాచారం ఎక్కువగా దాచే సెట్టింగ్) పెట్టి తీసిన ఫైలును విండోస్‌లో ఫ్రీ వర్షన్ లోకి తెస్తే చాలాసార్లు ఆడియో ఒక్కటే వస్తుంది, బొమ్మ రాదు. ఫైలు పాడైందనుకుని కార్డు రికవరీకి పరుగెత్తకండి. ఆ ఫార్మాట్ విప్పే పని స్టూడియో వర్షన్‌కే ఇచ్చారు, అంతే. దారులు రెండు. పెళ్లికి వెళ్లే ముందే కెమెరామ్యాన్‌కి 8 బిట్ 4:2:0లో తీయమని చెప్పడం ఒకటి. లాగ్ ప్రొఫైల్ (తర్వాత కలర్ చేసుకోవడానికి పేలవంగా తీసే సెట్టింగ్) వాడనప్పుడు దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు. రెండోది, షట్టర్ ఎన్‌కోడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లను డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్ అనే ఎడిటింగ్ ఫార్మాట్ లోకి మార్చుకోవడం. క్వాలిటీ నిలబడుతుంది కానీ డిస్కు ఆవిరైపోతుంది: 1080లో గంట ఫుటేజీకి దాదాపు 80 జీబీ, 4కెలో 300 జీబీ పైమాటే. రెండు రోజుల పెళ్లి మొత్తం మార్చకుండా, హైలైట్స్‌కి పనికొచ్చే షాట్లు ఏరి అవే మార్చండి. ఏరడానికి లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రీఎన్‌కోడ్ లేకుండా కీఫ్రేము దగ్గర కోస్తుంది కాబట్టి పెద్ద ఫైలు కూడా చకచకా తెగుతుంది.

రెండో ఇబ్బంది బంధువుల ఫోన్ వీడియోలు. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) మార్చుకుంటూ పోతాయి. అలాంటి క్లిప్ టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరుసగా పేర్చే చోట) మొదట బాగానే ఉండి, పది నిమిషాలు గడిచేసరికి పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఆ ఫైలు తెరిచి ఫ్రేమ్‌రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉందేమో చూడండి. ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో వీడియో ట్యాబ్‌కి వెళ్లి ఫ్రేమ్‌రేట్ 30, కింద కాన్‌స్టంట్, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 లేదా 18 పెట్టి మార్చండి. టైమ్‌లైన్ 25 మీద పెడతాం కదా అని ఇక్కడే 25కి మార్చేద్దామనుకోవద్దు, ఆ సంగతి తర్వాత టైమ్‌లైన్‌లోనే చూసుకోవచ్చు. వాట్సాప్‌లో పంపే వాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే కంప్రెస్ అయి వచ్చిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు.

ప్రాజెక్ట్ తెరవగానే, ఒక్క క్లిప్ కూడా వేయకముందే, టైమ్‌లైన్ ఫ్రేమ్‌రేట్ 25 పెట్టుకోండి. ఒకసారి ఫుటేజ్ పడ్డాక ఆ ప్రాజెక్ట్ ఫ్రేమ్‌రేట్ మార్చనివ్వదు. మన కరెంటు 50 హెర్ట్జ్. మండపం చుట్టూ సీరియల్ సెట్లు, ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతుంటే 25 ఫ్రేముల్లో, షటర్ 1/50 మీద తీసినవి చాలావరకు మినుకుమనవు. 1/60 మీద తీస్తే చారలు కదులుతాయి. ఆ మినుకు తీసే డీఫ్లికర్ స్టూడియో వర్షన్‌లోనే ఉంది, కాబట్టి కెమెరా దగ్గర తప్పు జరిగితే ఫ్రీ వర్షన్‌లో దిద్దే దారి లేదు. 30లో తీసిన ఫోన్ క్లిప్ 25 టైమ్‌లైన్‌లో పడితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి పోతుంది, పెళ్లికూతురు నడిచొచ్చే షాట్ ఎగిరెగిరి పడినట్టుంటుంది. ఆ క్లిప్ వరకు ఇన్‌స్పెక్టర్‌లో రీటైమ్ ప్రాసెస్‌ని ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను సాఫ్ట్‌వేరే తయారుచేసే పద్ధతి) చేస్తే నడక సాఫీ అవుతుంది. తలంబ్రాల గింజలు ఎగిరే షాట్‌కి మాత్రం ఆప్టికల్ ఫ్లో వద్దు, గింజల చుట్టూ బొమ్మ సాగిపోతుంది.

రెండు మూడు కెమెరాల పెళ్లికి మల్టీక్యామ్ బాగా పనిచేస్తుంది. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో మల్టీక్యామ్ క్లిప్ చేసి, యాంగిల్ సింక్ దగ్గర సౌండ్ ఎంచుకోండి. ఒక కెమెరా స్పీకర్ బాక్స్ పక్కన, ఇంకోటి భోజనాల షెడ్డు వైపు ఉంటే శబ్దాలు పోలక తప్పు సింక్ వస్తుంది. అప్పుడు జీలకర్ర బెల్లం వేళ మోగే గట్టిమేళంలో మొదటి డోలు దెబ్బ పట్టుకుని చేత్తో జరపడమే నయం.

ఇక కలర్. రిజాల్వ్ పుట్టిందే కలర్ కోసం, ఫ్రీ వర్షన్‌లోనూ ఆ పేజీ దాదాపు పూర్తిగా ఉంది. కోనసీమ డ్రోన్ షాట్లలో కొబ్బరాకు, దాళ్వా చేను కలిసి పచ్చదనం ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. ఒక్కో రంగు గాఢతను మార్చే హ్యూ వర్సెస్ సాట్ కర్వ్‌లో పచ్చ కొంచెం దించి, హ్యూ వర్సెస్ హ్యూలో ఒక పిసరు పసుపు వైపు తిప్పితే కళ్లకు హాయిగా ఉంటుంది. ఈ గ్రేడ్ డ్రోన్ క్లిప్పులకే పరిమితం చేయండి. అదే మంగళస్నానం మీద వేస్తే పసుపు పూసిన ముఖాలు పాలిపోతాయి. మధుపర్కాల తెలుపు ఇంకో పరీక్ష. స్కోప్‌లో (వెలుగు స్థాయి చూపే గ్రాఫ్‌లో) తెలుపు 1023 అనే పై గీతకి అతుక్కుని బల్లపరుపుగా ఉంటే బట్ట నేత ఇక రాదు. గీత కింద కాస్తైనా ఎగుడుదిగుడు కనిపిస్తే హైలైట్స్ స్లయిడర్ మైనస్‌లోకి లాగితే నేత, ఎర్రంచు రెండూ తేలతాయి.

అర్ధరాత్రి ముహూర్తాల్లో ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే స్థాయి) పెంచి తీసిన షాట్లలో చీమలు పాకినట్టు కనిపించే నాయిస్ తీయడానికి ఫ్రీ వర్షన్‌లో నాయిస్ రిడక్షన్ లేదు. ఈ వర్షన్‌లో నిజంగా లోటు అనిపించేది ఇదే. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో ఎన్‌ఎల్‌మీన్స్ అని ఉంది, దాన్ని లైట్ మీద పెట్టి ఆ క్లిప్పుల వరకు నడిపించుకోవచ్చు. చాలా నెమ్మది, రాత్రి పెట్టి పొద్దున చూసుకోవలసిన పని. స్ట్రాంగ్ పెడితే పట్టుచీర జరీ మైనంలా కరిగిపోతుంది.

తెలుగు టైటిళ్లు అడుగడుగునా తగిలే సమస్య. రిజాల్వ్ పాత వర్షన్లలో టెక్స్ట్ ప్లస్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. మీ వర్షన్ సంగతి తేల్చుకోవాలంటే ‘లక్ష్మీ’, ‘స్వాతంత్ర్యం’ అని రెండు మాటలు వేసి చూడండి. విరిగితే దానితో కుస్తీ వద్దు. ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు యూనికోడ్‌ని సరిగ్గా కూరుస్తుంది. అక్కడ ‘శ్రీరస్తు శుభమస్తు’ రాసి, 3840 వెడల్పుతో, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా పీఎన్‌జీ తీసి టైమ్‌లైన్ మీద పెట్టుకోండి. అంచున నల్లటి గీత కనిపిస్తే క్లిప్ యాట్రిబ్యూట్స్‌లో ఆల్ఫా మోడ్ మార్చితే పోతుంది. అక్షరాలకు గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, సురవరం, మండలి, గిడుగు, ఎన్టీఆర్ ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. శుభలేఖ వేసిన డీటీపీ షాపు నుంచి అను ఫాంటులో మ్యాటర్ తెచ్చుకుంటే అది యూనికోడ్ కాదు, ఈ ఫాంట్లలో అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. పేర్లు మళ్లీ టైపు చేసి, ఇంటిపేర్లు పెళ్లివారికి చూపించి సరిచూసుకోండి.

కరెంటు పోతే? ప్రాజెక్ట్ ఒక ఫైలుగా ఎక్కడా ఉండదు, రిజాల్వ్ సొంత డేటాబేస్‌లో ఉంటుంది. విండోస్ మళ్లీ వేసేటప్పుడు ఇది తెలియక ఫుటేజ్ మాత్రమే దాచుకుని ఎడిటంతా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ప్రిఫరెన్సెస్‌లో యూజర్, దానిలో ప్రాజెక్ట్ సేవ్ అండ్ లోడ్‌కి వెళ్లి లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్స్ రెండూ ఆన్ చేయండి, బ్యాకప్ పది నిమిషాలకొకసారి చాలు. వారానికోసారి ప్రాజెక్టును డీఆర్‌పీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డిస్కులో పెట్టండి. యూపీఎస్ లేని సిస్టం మీద పెళ్లి ఎడిట్ మొదలుపెట్టవద్దు.

సిస్టం విషయంలో రిజాల్వ్ కాస్త ఖర్చు పెట్టిస్తుంది. ర్యామ్ 16 జీబీ కనీసం, ఫ్యూజన్ (రిజాల్వ్‌లోని ఎఫెక్టుల పేజీ) వాడితే 32. గ్రాఫిక్స్ కార్డు మెమరీ 4 జీబీ ఉంటే 4కె టైమ్‌లైన్‌లో మెమరీ నిండిందనే మెసేజ్ తరచూ వస్తుంది. 1080 టైమ్‌లైన్‌లో కట్ చేసి చివర్లో 4కెకి మార్చుకోండి, లేదా రైట్ క్లిక్‌లో ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్లు) తయారుచేసుకోండి.

నేర్చుకోవడానికి బ్లాక్‌మ్యాజిక్ సైట్‌లోని ట్రైనింగ్ పేజీ చాలు. పుస్తకాలు పీడీఎఫ్‌లో, సాధన కోసం ఫుటేజీతో సహా ఉచితం. ఇంగ్లీషులోనే ఉన్నా బొమ్మలు చూస్తూ పోవచ్చు. యూట్యూబ్‌లో పెట్టే హైలైట్స్‌కి సినిమా పాట వేస్తే కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశం ఎక్కువ, యూట్యూబ్ ఆడియో లైబ్రరీ సంగీతం వాడుకోండి.

స్టూడియో వర్షన్ 295 డాలర్లు, ఒకేసారి కట్టేది, ఒక కీ రెండు కంప్యూటర్లకు పనిచేస్తుంది. రాత్రి ముహూర్తాలు ఎక్కువగా తీసేవాళ్లు, 10 బిట్ కెమెరా కొన్నవాళ్లు కొనడమే మంచిది. కన్వర్షన్‌తో పోయే టైమ్ అక్కడ ఆగుతుంది. పగటి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చేసేవాళ్లకి ఆ అవసరం కనిపించదు.

డెలివరీలో ఒక్క జాగ్రత్త. పెన్‌డ్రైవ్ పాత టీవీలో పెట్టేవాళ్లు చాలామంది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. హెచ్.264లో 10 ఎంబీపీఎస్ మీద అది సుమారు 55 నిమిషాలు. మూడు గంటల ఫుల్ వీడియోను 50 నిమిషాలకో పార్టుగా విడగొట్టండి. స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, వీటిలో ఏదీ మధ్యలో తెగకుండా కోయండి.