మందు అదే, కంపెనీ మారింది: సీలియాక్ ఉన్నవాళ్లు జాగ్రత్త

నాకు సీలియాక్ ఉంది, అంటే గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. తినేదేదైనా లేబుల్ చదవందే ముట్టను. అంత చాదస్తం ఉన్నదాన్ని, రోజూ మింగే బీపీ మాత్ర దగ్గర మాత్రం కళ్లు మూసుకున్నాను.

పోయిన నెల మెడికల్ షాపులో వేరే కంపెనీ మాత్రలు ఇచ్చారు. "మందు ఒకటేనండీ, కంపెనీయే వేరు" అన్నారు. అబద్ధం కాదు. కానీ ఒకటే అయ్యేది అసలు మందు మాత్రమే. మాత్రను గట్టిగా పట్టి ఉంచే పిండి, పైపూత, రంగు ఏ కంపెనీవి ఆ కంపెనీవే. నాలుగో రోజుకల్లా కడుపుబ్బరం, విరేచనాలు. తిండిలో ఏం తేడా వచ్చిందా అని వారమంతా వంటిల్లు గాలించాను.

చివరికి డబ్బాలో మడిచిపెట్టిన కాగితం గుర్తొచ్చింది. చీమల బారులాంటి అక్షరాలు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే కనబడింది: "స్టార్చ్". దేని స్టార్చ్? మొక్కజొన్నా, బంగాళాదుంపా, గోధుమా? రాయలేదు. కంపెనీకి మెయిల్ పెడితే తొమ్మిది రోజులకు జవాబొచ్చింది: "మేం గ్లూటెన్ కలపము, తయారైన మాత్రను పరీక్షించము." నేనడిగింది అది కాదు కదా!

నా బాధకు ఆ మాత్రే కారణమని రుజువు చేయలేను. డాక్టరుతో మాట్లాడి పాత కంపెనీకి మారాక తగ్గింది, అంతే.

ఆహారానికి ఉన్న నియమాలే మందులకూ ఉంటాయని నేను అనుకునేదాన్ని. అమెరికాలో 2004లో వచ్చిన అలర్జీ లేబుల్ చట్టం ఆహారానికే. 'గ్లూటెన్ ఫ్రీ' అంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు అనే లెక్కా ఆహారానిదే. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల నుంచి తీసిన పదార్థాలేవీ మందులో లేకపోతే, 'అలాంటివేవీ లేవు' అని లేబుల్ మీద రాయొచ్చని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో ఒక ముసాయిదాలో సూచించింది. రాసి తీరాలని మాత్రం అనలేదు.

హడలిపోయి మందు మానేయకండి, అది ఇంకా ప్రమాదం. చాలా మాత్రల్లో ఉండేది మొక్కజొన్న, బంగాళాదుంప పిండే. అయితే కొన్న ప్రతిసారీ కంపెనీ పేరు చూడండి. మారితే "స్టార్చ్ దేనిది?" అని ఫార్మసిస్టును అడగండి, తెలియదంటే బ్యాచ్ నంబరుతో సహా కంపెనీకే రాయండి. లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) పడనివాళ్లు కూడా ఆ కాగితం విప్పి చూడండి, మాత్రల్లో అది మామూలే.

స్టార్చ్ దేనిదో చెప్పమని నేను మళ్లీ మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు లేదు.