పాత చీర కొనేముందు మడత విప్పి చూడండి: నాలుగేళ్ల వాడకం తర్వాత

గోదావరి జిల్లాల తేమలో కట్టి చిరిగిపోయే బట్టలకన్నా బీరువాలో ఉండి పాడైపోయేవే ఎక్కువ. బీరువా పలచన చేసుకుని, కావలసినవి సెకండ్‌హ్యాండ్‌లో మంచివి ఏరి కొనే పద్ధతిని నాలుగేళ్లుగా పాటిస్తే తేలింది ఒకటే. రంగు, బ్రాండు చూసి కొన్నవి నిలవలేదు. మడత, కుట్టు చూసి కొన్నవి నిలిచాయి.

ముందు సర్దుడు సంగతి. శ్రావణ భాద్రపదాల్లో పెట్టుకోవద్దు. ముసురులో బయటికి తీసిన బట్ట చెమ్మ పీల్చుకుని, ఆ చెమ్మతోనే మళ్లీ లోపలికి వెళ్తుంది. కార్తీకం దాటాక, ఎండ బాగా ఉన్న పూట, రోజుకొక అర చొప్పున తీయండి. అన్నీ ఒకేసారి మంచం మీద పోస్తే సాయంత్రానికి ఓపిక పోయి, ఉన్నవన్నీ తిరిగి కుక్కేయడమే అవుతుంది. చీర మడతలో చిన్న చీటీ పెట్టి, కట్టినప్పుడల్లా నెల రాయండి. రెండేళ్లపాటు చీటీ మీద కొత్త నెల పడని చీర ఎవరికైనా ఇచ్చేయదగ్గదే. పెళ్లి పట్టుచీరలకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇనుప బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. దొంతరకు పది చీరలు దాటితే అడుగున గాలి ఆడదు, ముక్కిన వాసన మొదలయ్యేది అక్కడే. ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. గంజి లేకుండా ఉతికిన పాత నూలు పంచెలో చుడితే చాలు. గంజి ఉంటే బూజూ పడుతుంది, పురుగూ చేరుతుంది. కలరా ఉండలు జరీకి తగిలితే జరీ నల్లబడుతుంది, అందుకని గుడ్డలో మూటకట్టి పై అరలో పెట్టాలి. వాటి ఆవిరి బరువు, దానంతటదే కిందికి దిగుతుంది. పట్టుచీరకు మూడు నెలలకోసారి మడత మార్చాలి. ఒకే గీత మీద ఏళ్ల తరబడి ఉంటే పోగు అక్కడే విరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ పట్టుచీరలో మొట్టమొదట చూడాల్సింది కూడా ఆ గీతనే. చీరను పూర్తిగా విప్పించి, మడత గీతను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. సన్నటి దువ్వెన పళ్లలా వెలుగు గీతలు కనబడితే అక్కడ పడుగో పేకో తెగుతోందన్నమాట. రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగితే పోగులు పక్కకు జరుగుతాయి. అలాంటి చీర ఎంత చవకైనా వద్దు. రఫ్ఫు చేయిస్తే ఒక గీత ఆగుతుంది, మరో మడత దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత పైటకొంగు వెనకవైపు, కుచ్చిళ్ల దగ్గర ఫాల్ అడుగున చూడండి. ఫాల్ కింద దాగిన బట్ట రంగుకూ బయటి రంగుకూ ఉన్న తేడాయే చీర ఎంత వెలిసిందో చెప్తుంది. పొడవు కొలవడం మరవకండి. జాకెట్టు ముక్క పోగా అయిదున్నర మీటర్లు ఉండాలి. చిరిగిన కొస కత్తిరించి అమ్మే చీరలు కొలతలో దొరికిపోతాయి.

ఉప్పాడ జామ్‌దానీ, అంటే మగ్గం మీదే చేత్తో బుటాలు పొదిగిన చీర అని చెప్పి అమ్ముతుంటే తిరగేసి చూడండి. అసలుదాంట్లో బుటా రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనక పోగులు వేలాడుతుంటేనో, కత్తిరించిన మొదళ్లు గరుకుగా తగులుతుంటేనో అది వేరే నేత. అంచు పొడవునా వరసగా సన్నటి బెజ్జాలు కనబడితే, మగ్గం మీద బట్టను సాగదీసి పట్టిన ముళ్ల గుర్తులై ఉండొచ్చు. చేనేత అనడానికి మంచి సూచనే కానీ అదొక్కటే రుజువు కాదు.

బండారులంక నూలు చీరలు పాతవి దొరికితే వదలకండి. నాలుగు ఉతుకులు పడ్డ నూలు మెత్తబడి, మన ఉక్కపోతకు కొత్తదానికన్నా హాయిగా ఉంటుంది. సింథటిక్ చీరలు మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో కొనడం దండగ. రాజమండ్రి తాడితోటలోనో ద్వారపూడిలోనో కొత్తవే హోల్‌సేల్ ధరకు వస్తుంటే, వాడినదానికి ఎవరు ఎంత చెప్పినా ఎక్కువే. నూలుకైనా పట్టుకైనా ఇప్పటి కొత్త ధరలో మూడోవంతు దాటి పెట్టొద్దు.

చొక్కాలకు కాలర్ మడత, చంకలు చూడాలి, జీన్సుకు తొడల లోపలివైపు. రెక్సిన్ జాకెట్లు, బ్యాగులు బొత్తిగా కొనొద్దు. తోలులా కనిపించే ఆ పూత చాలావాటిలో పాలీయూరిథేన్, తేమకు లోలోపలే విడిపోతుంది. పైకి కొత్తగా ఉన్నదే ఒక వానాకాలం దాటేసరికి పొలుసులుగా రాలుతుంది. ఎలాస్టిక్ కూడా సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి రావాలి.

బూజు తెల్లగా పైపైన ఉంటే ఎండలో దులిపితే పోతుంది. నల్ల చుక్కలు మాత్రం పోగులోకి దిగినవి, పట్టు మీద అవి పోవు. అత్తరు వాసన గుప్పుమంటుంటే ముక్కిన వాసన దాస్తున్నారేమోనని అనుమానించండి, మడత మధ్యలో ముక్కు పెట్టి చూడండి.

ఇంటికి తెచ్చినదాన్ని నేరుగా బీరువాలో పెట్టకూడదు. నల్లి కుట్లలో దాక్కుంటుంది. నూలుబట్టలను 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉతికి ఎండలో ఆరేయండి. రంగు దిగుతుందనిపిస్తే ముందు తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూసుకోండి. పట్టుకు వేడినీళ్లు పనికిరావు కాబట్టి గాలి చొరని కవర్‌లో మూసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. కవర్ విప్పకుండానే బయటపెట్టి, చల్లదనం పూర్తిగా పోయాకే తెరవాలి, లేకపోతే బట్ట మీద నీరు పడుతుంది.

ఈ పద్ధతిలో తీరని ఇబ్బంది జాకెట్లది. చీరతో పాటు వచ్చిన జాకెట్టు సరిపోవడం అరుదు. లోపల కుట్టు మార్జిన్ అంగుళం ఉంటే విప్పించుకోవచ్చు కానీ, పట్టు మీద పాత కుట్టు బెజ్జాలూ, వెలవని ముదురు చారా కనబడతాయి. చేతులకు ఉన్న అంచు విప్పి, అదే రంగు కొత్త నూలు జాకెట్టు మీద కుట్టించుకోవడం మేలు.