15 లీటర్ల గీజర్: స్విచ్ ఎప్పుడు ఆపితే కరెంటు మిగులుతుంది?

పాత గీజర్ అడుగు తుప్పు పట్టి కారడం మొదలుపెట్టాక, శ్రీకాకుళం జీటీ రోడ్డులోని ఒక దుకాణంలో కొత్తది కొన్నాం. 15 లీటర్లది, 2000 వాట్లది, ఐదు స్టార్లది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ స్థాయి సరుకు నాలుగైదు కంపెనీలు అమ్ముతున్నాయి, లోపలి అమరిక అన్నిట్లోనూ దాదాపు ఒకటే. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను కాబట్టి ఇందులో రంగు, అందం కన్నా యూనిట్ల గొడవే ఎక్కువ ఉంటుంది.

ఆ స్విచ్ విషయంలో మా ఇంట్లో రెండు పక్షాలు. అవసరం తీరగానే ఆపేయాలని అత్తయ్యగారు. చల్లారిన నీళ్లను మళ్లీ మొదటి నుంచి కాచడానికే ఎక్కువ కరెంటు అవుతుంది, అలా వేసే ఉంచాలని మావారు. ఆయన మాట చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా చెబుతారు, కానీ అది నిజం కాదు. ట్యాంకులో నీరు ఎంత వేడిగా ఉంటే అంత వేగంగా వేడి బయటికి పోతుంది. ఆపి ఉంచితే నీరు చల్లబడేకొద్దీ ఆ పోవడం మందగిస్తుంది. మళ్లీ వేసినప్పుడు పోయిన వేడిని మాత్రమే తిరిగి ఇస్తాం, వడ్డీ ఏమీ కట్టం. కాబట్టి ఆపితే ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది. ఆ ఎంతో కొంత ఎంత అన్నదే అసలు ప్రశ్న.

దీనికి ప్రత్యేకమైన మీటరు అక్కర్లేదు. 2000 వాట్ల గీజర్‌లో ఎర్ర దీపం అరగంట వెలిగితే ఒక యూనిట్. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి లెక్క ప్రకారం 0.6 యూనిట్ చాలు, అంటే 18 నిమిషాలు. మాది ఇంచుమించు అంతే తీసుకుంటుంది. ఇక ఊరికే వేడిని నిలిపి ఉంచడానికయ్యే ఖర్చు స్టార్ల లేబుల్ మీదే రాసి ఉంటుంది. నీటికీ గదికీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు 24 గంటల్లో ఎన్ని యూనిట్లు పోతాయో ఆ అంకె చెబుతుంది. దుకాణంలో నక్షత్రాలను అందరూ చూస్తారు, ఈ అంకెను ఎవరూ చూడరు. మా దాని మీద అర యూనిట్ కన్నా కాస్త తక్కువ ఉంది. మన ఊరి ఉక్కకు తేడా 45 ఉండదు, 30కి అటూ ఇటూ. ఆ లెక్కన రోజంతా వేసి ఉంచినా వృథా యూనిట్‌లో మూడో వంతే. నెలకు పది యూనిట్లు. మా బిల్లులో 225 దాటిన యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు పడుతోంది కాబట్టి నెలకు తొంభై రూపాయల లోపు.

ఇక్కడే అత్తయ్యగారి పద్ధతిలోనూ చిన్న తిరకాసు ఉంది. అందరి స్నానాలూ అయ్యాక, ఎర్ర దీపం కూడా ఆరాక, అప్పుడు ఆవిడ స్విచ్ ఆపుతారు. అప్పటికే ట్యాంకులోకి వచ్చిన కొత్త నీరు నిండుగా కాగి ఉంటుంది. ఈ గీజర్ మంచి ఫ్లాస్కు లాంటిది. పొద్దున ఆపితే సాయంత్రానికి ఏడెనిమిది డిగ్రీలే తగ్గుతుంది. అంటే స్విచ్ వేసి ఉంచితే పోయేంత వేడి, ఆపినా దాదాపుగా పోనే పోయింది. అలా ఆపడం వల్ల పూటకు మిగిలేది పావలా కూడా కాదు. అదే స్విచ్‌ను చివరి మనిషి బకెట్ పెట్టి కుళాయి తిప్పకముందే ఆపితే లెక్క మారుతుంది. కింద నుంచి చన్నీళ్లు వచ్చి పైనున్న వేడినీళ్లను బయటికి నెడతాయి, స్నానానికి లోటు ఉండదు. తరువాత ట్యాంకులో మిగిలేవి గోరువెచ్చని నీళ్లు. వాటికి పోగొట్టుకోవడానికి వేడే లేదు. ఒంటి మీద నీళ్లున్నప్పుడు గీజర్‌లో కరెంటు లేకపోవడం అదనపు లాభం, నా దృష్టిలో తొంభై రూపాయల కన్నా పెద్దది.

రథసప్తమికి మాత్రం ఈ నియమాలన్నీ పక్కన పెట్టాం. మా ఇల్లు అరసవల్లి దారిలో ఉంది. నరసన్నపేట నుంచి, ఆమదాలవలస నుంచి చుట్టాలందరూ ముందు రోజే దిగుతారు, అర్ధరాత్రి నుంచే స్నానాలు మొదలు. ఒకరి తరువాత ఒకరు వాడుతుంటే వేడి నిలిచి వృథా అయ్యే సమయమే ఉండదు, ఆపడంలో అర్థం లేదు. కానీ 15 లీటర్లు అంతమందికి సరిపోవు. 60 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లు, అంటే ఇద్దరికి. తరువాతి వాళ్లు పావుగంటకు పైగా ఆగాలి. మా చిన్న ఆడపడుచు చివరికి గ్యాస్ పొయ్యి మీద గిన్నె పెట్టింది.

పాత గీజర్ సంగతి వేరు. దాని ఒంటి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది, ఆ వెచ్చదనమంతా మన డబ్బే. అలాంటిది ఇంట్లో ఉన్నవారు అవసరానికి ముందు వేసి, వాడకం మొదలు కాగానే ఆపడం తప్పనిసరి. కొత్త దాని మీద చెయ్యి పెడితే గోడకూ దానికీ తేడా తెలియదు. పెట్టిన డబ్బుకు నాకు నచ్చింది ఇదే.

నచ్చనివీ ఉన్నాయి. బిగించడం ఉచితం అన్నారు, వచ్చిన కుర్రాడు పైపులకూ నట్లకూ వేరే వసూలు చేశాడు. వేడి నియంత్రించే మీటను చివరిదాకా తిప్పి వెళ్లిపోయాడు. మేమే 60కి తగ్గించాం. అంతకు మించితే మా బోరు నీటికి ఎలిమెంట్ మీద సున్నపు పొర త్వరగా కడుతుంది, లోపల చిక్కుకున్న వేడికి ఎలిమెంట్ కాలిపోతుంది. వైరు మరీ పొట్టిది, 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటును దగ్గరికి జరిపించవలసి వచ్చింది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. అది మార్చవలసిన వస్తువని అమ్మినవారు చెప్పలేదు, వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. మా పాత గీజర్‌కు ఆ కడ్డీని ఎవరూ ఎన్నడూ మార్చలేదు. ఉప్పు నీటి బోర్లున్న వీధుల్లో ఉండేవారు బిగించిన రోజే దాని ధర, మార్చడానికి అయ్యే కూలి అడిగి రాసి పెట్టుకోండి.