విజయవాడలో ఒక గేమింగ్ కేంద్రం: ఆడేవారికి మంచి చోటు, పనిచేసేవారికి కాదు

విజయవాడ పటమట వైపు, బందరు రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక గేమింగ్ కేంద్రం గురించిన సమీక్ష ఇది. అక్కడ నేను మొదట డబ్బు కట్టి ఆడాను. తరువాత వారాంతపు టోర్నమెంట్లకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పే క్యాస్టర్‌గా డబ్బు తీసుకుని పనిచేశాను. ఆ కేంద్రం గురించి ఇప్పటివరకు కనిపించిన సమీక్షలన్నీ ఆడుకోవడానికి వెళ్లినవారు రాసినవే కాబట్టి, మైకు ముందు, తెర వెనుక పనిచేసేవారి అనుభవం ఎక్కడా లేదు. పేరు రాయకపోవడానికి కారణం ఉంది. ఇదే రంగంలో ఉన్న నా స్నేహితులు గుంటూరులోనూ ఇక్కడా వేరే నిర్వాహకుల గురించి దాదాపు ఇవే మాటలు చెప్పారు, అందువల్ల దీన్ని ఒక్క దుకాణం మీద ఫిర్యాదుగా చూడకూడదని నా అభిప్రాయం.

ఆడేవారి దృష్టితో చూస్తే లోపం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కంప్యూటర్లు కొత్తవి, మానిటర్లు 240 హెర్ట్జ్‌వి, హెడ్‌సెట్లను ప్రతి ఆటగాడి తరువాత తుడిచి పెడతారు. వలొరాంట్ అనే కంప్యూటర్ షూటింగ్ ఆట ముంబై సర్వర్‌కు పింగ్, అంటే సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయం, నిలకడగా ఉంటుంది, ఒక ఇంటర్నెట్ లైన్ పడిపోతే రెండోది వెంటనే అందుకుంటుంది. మే నెలలో కరెంటు పోయినా ఆట మధ్యలో ఆగని చోట్లు ఈ ఊళ్లో ఎన్నో లేవు, ఇక్కడ యూపీఎస్, జనరేటర్ రెండూ ఉన్నాయి. ఆడపిల్లలకు వేరే టాయిలెట్ ఉంది, దానికి లోపలి గడియ సరిగా పడుతుంది. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో ఇలాంటి కేంద్రాలకు వెళ్లే అమ్మాయిలకు వేరే చెప్పనక్కరలేదు.

కౌంటర్ దగ్గర క్రమశిక్షణ కూడా మెచ్చుకోదగినదే. ఒకసారి పక్క సీటులోని అమ్మాయిని ఉద్దేశించి బూతు మాట అన్న కుర్రవాణ్ణి యజమాని స్వయంగా లేపి, మిగిలిన గంటల డబ్బు చేతిలో పెట్టి బయటకు పంపారు. ‘నా షాపులో ఇలాంటి మాటలు కుదరవు’ అని అందరికీ వినబడేలా అన్నారు. అది నేను కళ్లారా చూశాను, ఆ మాట నాకు బాగా నచ్చింది. అక్కడ పని చేయడానికి నేను ఒప్పుకోవడానికి అదీ ఒక కారణం.

అయితే ఆ షాపుకు ఇంకొక గది ఉంది. అది టోర్నమెంటు రోజున వారి యూట్యూబ్ ఛానల్‌లో తెరుచుకునే లైవ్ చాట్. ఛానల్ వారిది, ప్రసారం వారిది, దానివల్ల వచ్చే స్పాన్సర్ల డబ్బూ వారిదే. కానీ కౌంటర్ దగ్గర వర్తించే నియమం ఆ గదిలో వర్తించదు.

బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే పబ్‌జీ మొబైల్‌కు భారతీయ రూపం) టోర్నమెంటు అంటే తెలియనివారి కోసం పని స్వరూపం కొంచెం చెప్పాలి. ఒక కస్టమ్ రూమ్‌లో పదహారు స్క్వాడ్లు, అంటే అరవై నలుగురు ఆటగాళ్లు దిగుతారు. ఒక్కో మ్యాచ్ అరగంట వరకు సాగుతుంది, అలాంటివి రోజుకు ఐదో ఆరో ఉంటాయి. అబ్జర్వర్ ఏ ఆటగాణ్ణి తెర మీద చూపిస్తే ఆ పోరును ఆ క్షణంలోనే పట్టుకుని చెప్పాలి, పాయింట్ల పట్టిక గుర్తుంచుకోవాలి, ఏ స్క్వాడు ఏ దిక్కు నుంచి జోన్‌లోకి, అంటే ఆట సాగేకొద్దీ చిన్నదయ్యే సురక్షిత వలయంలోకి, వస్తున్నదో ఊహించాలి. ఎదురుగా రెండు తెరలుంటాయి: ఒకదానిలో ఆట, ఇంకొకదానిలో చాట్. ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబు చెప్పడం కూడా క్యాస్టర్ పనిలో భాగమే కాబట్టి ఆ రెండో తెర నుంచి చూపు తిప్పుకునే వీలుండదు.

ఒక ఫైనల్లో, ఎరాంగెల్ మ్యాప్ చివరి సర్కిల్‌లో మూడు స్క్వాడ్లు మిగిలి ఉండగా, నేను ఒక గ్రెనేడ్ విసురును వర్ణిస్తున్నాను. అప్పటికే చాట్‌లో ‘అన్నకి మైకు ఇవ్వండి’, ‘వంటింట్లో పని లేదా’ వంటివి వస్తున్నాయి. అవి నాకు అలవాటైనవే. కొద్దిసేపటికి నా శరీరం గురించి మొదలుపెట్టారు. తరువాత ఎవరో నా ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పేరు పెట్టారు. ఆ వెంటనే నేను చదివిన కాలేజీ పేరు, మా ఇల్లు ఏ కాలనీలో ఉందో కూడా వచ్చాయి. నేను గొంతు మార్చకుండా ఆ మ్యాచ్ పూర్తిచేశాను. గెలిచిన స్క్వాడు పేరు చెబుతున్నప్పుడు కూడా ఆ కాలనీ పేరు తెర మీద కదులుతూనే ఉంది. చాట్ చూడవలసిన మోడరేటర్ ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు. అతడు ఒక్కడే పాయింట్లు లెక్కవేస్తూ, జట్లకు రూమ్ ఐడీలు పంపుతూ, మిగిలిన తీరికలో చాట్ చూస్తున్నాడు. తప్పు అతనిది కాదు.

ఆ విరామంలో యజమానితో, ‘అన్నా, చాట్ కాసేపు ఆపండి, మా ఇంటి వివరాలు పెడుతున్నారు’ అన్నాను. ‘లైవ్ అన్నాక ఇవన్నీ మామూలేనమ్మా, పట్టించుకోకు. ఇప్పుడు ఆపితే వ్యూస్ పడిపోతాయి’ అన్నారు. కౌంటర్ దగ్గర ఆ కుర్రవాణ్ణి బయటకు పంపిన మనిషే ఈ మాట అన్నారు. ఆయన చెడ్డవారని నేను అనుకోవడం లేదు. షాపులో అన్న మాట షాపులో అన్నట్టు, చాట్‌లో అన్న మాట గాలిలో అన్నట్టు ఆయనకు తోస్తున్నది. నాకు మాత్రం ఆ రెండూ నేను పనిచేసే చోట, నా ముఖం మీద అన్న మాటలే.

చాట్ పూర్తిగా ఆపవలసిన అవసరం కూడా లేదు. యూట్యూబ్‌లో స్లో మోడ్ (ఒకరే వెంటవెంటనే సందేశాలు పెట్టకుండా ఆపే ఏర్పాటు) ఉంది, చందాదారులు మాత్రమే రాసేలా పరిమితం చేయవచ్చు, అనుమానాస్పదమైన సందేశాలను పరిశీలన కోసం ఆపి ఉంచవచ్చు, నిషిద్ధ పదాల జాబితా పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఉచితం. ఒక చిక్కు మాత్రం ఉంది: మనవాళ్లు తెలుగు తిట్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక అక్షరం రెండుసార్లు కొట్టి, మధ్యలో ఒక అంకె పెట్టి రాస్తారు. ఆ ఛానల్‌లో యంత్రం తనంతట తాను ఆపినవి తక్కువ, దాటిపోయినవి ఎక్కువ. కనుక తెలుగు తెలిసిన మనిషి ఒకరు కూర్చుని, ఆ పని తప్ప ఇంకొకటి చేయకుండా చూడాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి.

జీతాల సంగతి చెప్పాలి. నాతో పాటు అదే బల్ల దగ్గర, అవే మ్యాచ్‌లకు, అన్నే గంటలు వ్యాఖ్యానం చెప్పిన అబ్బాయికి రోజుకు 2,500 రూపాయలు, నాకు 1,500. ఈ తేడా నాకు ఆ అబ్బాయే చెప్పాడు, చెప్పినందుకు అతనంటే నాకు గౌరవం. కారణం అడిగితే ‘అతనికి ఫాలోవర్లు ఎక్కువ’ అన్నారు. అది నిజమే, కానీ ఆ ఫాలోవర్ల సంఖ్యను బట్టి డబ్బు ఇస్తామని పని మొదలయ్యేటప్పుడు ఎవరూ చెప్పలేదు. పైగా ఎక్కువ మంది చూసే మ్యాచ్‌లకు నన్ను కూర్చోబెట్టి, ‘లేడీ క్యాస్టర్’ అని పోస్టర్ మీద నా ఫోటో పెద్దగా వేసినప్పుడు ఆ ఆకర్షణకు లెక్క కట్టలేదు. మోడరేటర్‌కు డబ్బే లేదు, ఉచితంగా ఆడుకునే గంటలు ఇచ్చారు. అబ్జర్వర్‌కు ‘అనుభవం వస్తుంది’ అన్నారు. అమ్మాయిల వలొరాంట్ పోటీకి బహుమతి మొత్తం అబ్బాయిల దానిలో సగం కూడా లేదు, అదీ గెలిచినవారికి చేరడానికి నెలలు పట్టింది. నా పారితోషికంలో టీడీఎస్ అని పది శాతం పట్టుకున్నారు, అది ప్రభుత్వానికి కట్టినట్టు ఫారం 16ఏ మాత్రం ఇవ్వలేదు.

యజమాని వైపు ఉన్న కష్టాన్ని కూడా దాచను. ఈ రంగం కాలికింద నేల గట్టిగా ఉన్నది కాదు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు, 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, 2022 జూలైలో అదీ పోయింది, 2023 మేలో మళ్లీ తిరిగివచ్చింది. ఆట పోయిన ప్రతిసారీ దాని మీద ఆధారపడిన క్యాస్టర్లు, ఎడిటర్లు, అబ్జర్వర్ల పని ఒక్కరోజులో ఆగిపోయింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లను, వేరే వర్గంగా గుర్తించింది. అది మంచి మార్పే అయినా, రమ్మీ, ఫాంటసీ యాప్‌ల ప్రకటనల డబ్బు దానితో పోయిందని యజమాని అంటారు. అది నిజమే కావచ్చు. అయితే స్పాన్సర్లు నిండుగా ఉన్న రోజుల్లో కూడా నాకు 1,500 మాత్రమే ఇచ్చారు.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడాపోటీల్లో భాగంగా క్రీడా మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. ఆ వార్త చూసి మా అమ్మ మొదటిసారి నా పనిని పని అన్నది. కానీ ఆటకు గుర్తింపు వచ్చినంత మాత్రాన అందులో పనిచేసేవారి వేతనానికి రక్షణ రాలేదు. స్త్రీ పురుషులకు సమాన పనికి సమాన వేతనం అనే నియమం మన దేశంలో చట్టరూపంలో 1976 నుంచే ఉంది. అది యజమాని, ఉద్యోగి సంబంధాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి, రోజు లెక్కన పిలిపించుకునే మమ్మల్ని ‘ఫ్రీలాన్సర్లు’ అని దాని బయట నిలబెట్టడం తేలికవుతున్నది. పెద్ద సంస్థల్లోనూ ఈ రెండు బాధలూ కలిసే ఉన్నాయి. వలొరాంట్ తయారుచేసిన రయట్ గేమ్స్ తన మహిళా ఉద్యోగుల మీద వేతన వివక్ష, వేధింపుల ఆరోపణల కేసులో 2021 డిసెంబరులో పది కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

వేధింపుల విషయంలో మాత్రం చట్టం ఇంకొంచెం విశాలంగా ఉంది. పనిచేసే చోట మహిళల లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం తాత్కాలికంగా పనిచేసేవారిని, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారిని కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, పనిచేసే చోట తారసపడే బయటివారి నుంచి కూడా భద్రత కల్పించడం యజమాని బాధ్యత అని దాని 19వ సెక్షన్ చెబుతుంది. నా దృష్టిలో లైవ్ చాట్‌లోకి వచ్చే ప్రేక్షకుడు అటువంటి బయటివాడే. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న సంస్థల విషయంలో ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి చేయాలి, విజయవాడవారికి అది ఎన్టీఆర్ జిల్లా కమిటీ. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి కాబట్టి స్క్రీన్‌షాట్లు ఆ రోజే తీసి ఉంచుకోండి. వద్దన్నా వెంటపడి సందేశాలు పంపేవారి మీద భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ద్వారా కూడా చేయవచ్చు.

ఇవన్నీ యజమానికి కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చదివారు, కోప్పడలేదు. స్లో మోడ్ ఇప్పుడు ప్రతి ప్రసారంలో ఉంటున్నది, చాట్ కోసం వేరే మనిషిని డబ్బు ఇచ్చి పెట్టారు. క్యాస్టర్ల పారితోషికం తేడా మాత్రం ఇది రాసే సమయానికి సరికాలేదు, నాకు ఫారం 16ఏ కూడా రాలేదు. అందువల్ల ఆడుకోవడానికి ఈ కేంద్రానికి ఐదింటికి నాలుగున్నర ఇస్తాను, పనిచేయడానికి రెండు ఇస్తాను.

అక్కడ క్యాస్టర్‌గా చేరాలనుకునే అమ్మాయిలు రేటు ఎంత, ఏ తేదీకి ఇస్తారు, ఆ రోజు చాట్ చూసేది ఎవరు అన్నవి వాట్సాప్‌లోనైనా సరే రాయించుకున్న తరువాతే మైకు పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు తిట్ల జాబితా ఒకటి, వాటి రకరకాల స్పెల్లింగులతో సహా, నేను తయారుచేసి వారి కౌంటర్ కంప్యూటర్‌లో పెట్టాను. అది ఛానల్‌లో నిషిద్ధ పదాలుగా ఎక్కించారో లేదో ప్రసారం మొదలయ్యే ముందు అడిగి చూసుకోండి. కొత్తవి ఏమైనా కనిపిస్తే అందులోనే చేర్చండి.